గానుగ తిరిగిన నాలుగు నిమిషాలు

సాలూరు సంతవీధిలో ఉన్న సినిమా హాల్లో జోగారావు అనే ఆపరేటర్ ఉండేవాడు. రోజుకు నాలుగు ఆటలు ఆడించేవాడే గానీ, ఒక్క సినిమానైనా పట్టుమని పది నిమిషాలు కుదురుగా చూసి ఎరగడు.

రీలు ఎక్కించేవాడు, టీకి దిగేవాడు. మళ్లీ ఎక్కేవాడు, కిటికీ లోంచి సంత చూసేవాడు. "జనానికి ఓపిక చచ్చిపోయిందిరా లచ్చన్నా! మూడు గంటలు ఎవడు కూర్చుంటాడు?" అని గేటు దగ్గర టిక్కెట్లు చింపే లచ్చన్నతో రోజూ అనేవాడు.

"కూర్చున్నవాళ్లు కూర్చునే ఉన్నారు గురూగారూ. మెట్లెక్కి దిగేది మీరొక్కరే," అనేవాడు లచ్చన్న.

జోగారావు దగ్గర ఒక కత్తెర ఉండేది. సినిమాలో ఎక్కడ నడక నెమ్మదించినా అక్కడ ఫిలిం కత్తిరించి, రెండు కొసలూ జిగురుతో అతికించి, మధ్య ముక్కను రేకు డబ్బాలో పడేసేవాడు. సినిమా ఎత్తేసే రోజున ముక్కలన్నీ మళ్లీ అతికించి పెట్టెలో పంపేవాడు. అడిగిన నాథుడు లేడు. మనిషి ఓపికను కొలవడానికి అతని దగ్గరున్న కొలబద్ద ఏమిటి? తన సొంత చిరాకు! దాంతోనే హాల్లోని ఎనిమిది వందల మందినీ కొలిచేసేవాడు.

ఒకసారి ఆ హాలుకు ఓ పల్లెటూరి సినిమా వచ్చింది. అందులో ఒక రైతు, తన చేను మేసిన ఎద్దు గానుగవాడిదని తెలిసి, కర్ర పట్టుకుని కొట్టడానికి వస్తాడు. గానుగ ఆగితే వాడి పని పడదామని రాయి మీద కూర్చుంటాడు. గానుగ ఆగదు. ఎద్దు తిరుగుతూ ఉంటుంది, నూనె సన్నగా జారుతూ ఉంటుంది. మాట లేదు, పాట లేదు. నాలుగు నిమిషాలు అంతే.

మొదటి రోజు అక్కడ ఎవరో ఇద్దరు ఈల వేశారు. ఇద్దరే! "చూశావా, తట్టుకోలేకపోతున్నారు," అని జోగారావు కత్తెర తీశాడు. నాలుగు నిమిషాలూ ఎగిరిపోయాయి. మర్నాడు కర్రతో వచ్చిన రైతు, వచ్చీ రాగానే కర్ర పొదల్లోకి విసిరేసి గానుగవాడితో కలిసి బెల్లం తినడం మొదలుపెట్టాడు. ఈసారి నేల క్లాసంతా ఈలలు. జోగారావు బెల్లం కూడా కోసేశాడు. ఈలలు పెరిగాయి. కోసినకొద్దీ పెరిగాయి. అవి తన కత్తెర తెచ్చిన ఈలలని అతనికి తట్టలేదు.

ఆ మధ్య గాలికి ప్రొజెక్టర్ గది కిటికీ రెక్క టపటపా కొట్టుకుంటుంటే, డబ్బాలో చేతికందిన ముక్క నుంచి మూడు మూరలు తెంపి, దాంతో రెక్కను చువ్వకు కట్టేశాడు.

మూడో వారం, సంత రోజు మాట్నీకి పల్లె నుంచి ఓ గుంపు దిగింది. ఇరవై మంది ఉంటారు. వాళ్ల ముందు అసిరమ్మ అనే ముసలామె, ఉతికిన చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని, పెళ్లికి వచ్చినట్టు వచ్చింది. విశ్రాంతికి దీపాలు వెలగగానే ఆమె గేటు దగ్గరికి వచ్చి నిలబడింది.

"బాబూ, మా ఆయన రాలేదేటి?" అని అడిగింది.

"టీ కొట్టు దగ్గర చూడమ్మా. మొగుళ్లందరూ అక్కడే ఉంటారు," అన్నాడు లచ్చన్న.

"అక్కడుండడు బాబూ. పోయిన వానల్లో జ్వరమొచ్చి పోయాడు. ఈ సినిమాలో ఉన్నాడు. మా గానుగ, మా ఎద్దు, మా ఆయన. మా ఊళ్లోనే తీశారు, గట్టు మీద నిలబడి చూశాను. ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటైనా లేదు. మొహం మరిచిపోతానేమోనని భయమేసి, అందరినీ బతిమాలి తీసుకొచ్చాను. కర్ర పట్టుకున్నోడు వచ్చాడు, వెళ్లాడు. మరి మా పైడయ్య ఏడీ?"

లచ్చన్న నవ్వు ఆగిపోయింది. టీ గ్లాసుతో మెట్ల మీద నిలబడ్డ జోగారావు గ్లాసు అక్కడే మెట్టు మీద పెట్టేశాడు.

"ఉన్నాడమ్మా. ఉన్నాడు. వెళ్లి కూర్చో," అన్నాడు. పైకి పరిగెత్తి డబ్బా బోర్లించాడు. గానుగ ముక్క దొరికింది, కానీ మూడు తునకలై ఉంది. "అతికించాలంటే అరగంట పడుతుంది," అన్నాడు.

"అరగంటా!" అన్నాడు వెనకే మెట్లెక్కి వచ్చిన లచ్చన్న. "సంత జనం గురూగారూ. ఐదున్నర బస్సు అందుకోవాలి. కుర్చీలు విరగ్గొడతారు. జనానికి ఓపిక లేదని మీరేగా రోజూ అంటారు?"

జోగారావు కత్తెర బల్ల మీద పడేశాడు. కిందికి దిగి, తెర ముందు నిలబడ్డాడు. పన్నెండేళ్లుగా ఆ హాల్లో పనిచేస్తున్నా జనాన్ని ఎదురుగా చూడటం అతనికి అదే మొదటిసారి.

"అయ్యా, అమ్మా, తప్పు నాది," అన్నాడు. "మీకు విసుగొస్తుందని సినిమాలో ఒక ముక్క కోశాను. అందులో ఈ అమ్మ భర్త ఉన్నాడు. మనిషి ఇప్పుడు లేడు. అతికించడానికి అరగంట పడుతుంది. బస్సుకు వెళ్లాల్సినవాళ్లు వెళ్లండి, మిగతావాళ్లు..."

"ఓరి నీ కత్తెర తగలెయ్య!" అని నేల క్లాసులోంచి ఒకాయన లేచాడు. "నువ్వా కోసింది? ఆ రైతు కొట్టడానికొచ్చి కొట్టకుండా ఎందుకెళ్లిపోయాడా అని నేను ఇందాకట్నుంచి బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను!"

హాలంతా గొల్లున నవ్వింది.

"అతికించు బాబూ," అంది వెనకనుంచి ఒకామె. "బస్సు పోతే నడిచిపోతాం. మాకు నడక కొత్తా?"

జోగారావు అతికిస్తున్నంతసేపూ కింద వేరుశనగకాయలు వలుస్తున్న చప్పుడు తప్ప గోల వినబడలేదు. కిటికీకి కట్టిన మూడు మూరల ముక్కను విప్పి చూశాడు. ముడి పడ్డచోట అంచులు చిరిగిపోయాయి. అది ఇక మిషను మీద ఎక్కదు. పళ్లు కొరుక్కుంటూ దాన్ని జేబులో పెట్టుకుని, మిగిలింది బెల్లం ముక్కతో సహా అతికించాడు.

దీపాలు ఆరాయి. గానుగ కిర్రుమంది. ఎద్దు తిరిగింది.

"అదిగో మా బూడిదోడు!" అంది అసిరమ్మ. జోగారావు టీకి దిగలేదు. గోడ కంతలోంచి మొదటిసారి ఆ నాలుగు నిమిషాలూ చూశాడు. ఎద్దు చెవి విదిల్చింది. పైడయ్య దాని మెడ మీద చెయ్యి వేసి, దాంతోపాటే నడిచాడు. రాయి మీద కూర్చున్న రైతు పిడికిలి ఒక్కో చుట్టుకూ కాస్తంత వదులైంది. కర్ర ఎందుకు పొదల్లో పడిందో జోగారావుకు అప్పుడు తెలిసింది. చివర గానుగ ఆగింది. పైడయ్య నడుం ఎత్తాడు. ముక్క లేనిచోట బొమ్మ ఒక్క కుదుపుతో గెంతింది. పైడయ్య నవ్వుతున్నాడు. హాల్లో ఒక్క ఈల లేదు.

ఆట వదిలాక అసిరమ్మ మెట్ల దగ్గర కనిపెట్టుకుని ఉంది. "చూశాను బాబూ, కడుపు నిండింది," అంది. "ఒక్కటే. నవ్వేముందు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అది రాలేదేం?"

కుదుపు ఎవరి కంటా పడలేదనుకున్నాడు జోగారావు. తల వంచుకుని, జేబులోంచి ఆ మూడు మూరల ముక్క తీశాడు. "ఇదేనమ్మా. దీంతో కిటికీ కట్టాను. పాడైపోయింది. తెర మీద ఇక పడదు," అన్నాడు.

ఆమె దాన్ని అందుకుని పడమటి ఎండకు ఎత్తి పట్టుకుంది. వెలిసిపోయిన చిన్న చిన్న బొమ్మలు, వరసగా. అన్నింటిలోనూ తువ్వాలే, తువ్వాలు వెనక మొహం. ఓపిగ్గా ఒక్కొక్కటే జరుపుతూ పోయింది. ఆఖరి బొమ్మలో తువ్వాలు అంచు మీద రెండు కళ్లు కనిపించాయి.

"ఇదుగో, ఉన్నాడు," అంది. "కళ్లు చాలు నాకు. ఇది నాకిచ్చేయవా?"

"నీదేనమ్మా," అన్నాడు జోగారావు. ఆ ముక్క పోయిందని సినిమా పంపిన కంపెనీకి తనే రాస్తానని, వచ్చే చీవాట్లు తనే తింటానని మనసులో అనుకున్నాడు.

ఐదున్నర బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. పల్లెవాళ్లు నవ్వుకుంటూ, గానుగ గురించి చెప్పుకుంటూ నడిచిపోయారు. జోగారావు పైకెళ్లి డబ్బాలో మిగిలిన ముక్కలన్నీ కూడా అతికించాడు. కిటికీ రెక్కను కొబ్బరితాడుతో కట్టాడు. ఆ రోజు నుంచి సినిమా పూర్తిగా ఆడింది, ఈలలూ ఆగాయి.

నీతి: మన చిరాకుతో ఎదుటివాళ్ల ఓపికను కొలవకూడదు, పూర్తిగా చూపిస్తే జనం పూర్తిగా చూస్తారు.