మబ్బుకొండ మీద మహారాజు

అనగనగా అంటే మొన్నటి మాట కాదు, మబ్బులు కొండల మీద కాపురముండే నాటి మాట. విక్రమకేసరి అనే రాజుండేవాడు. మంచివాడే. కాకపోతే ఆయన గడప దాటితే చాలు, నగారా మోగాలి, ఒంటికి పునుగు జవ్వాది పూయాలి, వందిమాగధుడు బిరుదులు చదవాలి. ఆ ఇంటి ఆచారం అది.

ఒకనాడు మంత్రి అన్నాడు: "ప్రభూ, మబ్బుకొండ మీద చెట్లే తప్ప ప్రాణి లేదట. కొట్టించి కొత్త మేడ కడదాం."

"మూడు రోజులు నేనే చూస్తాను. ఒక్క జంతువూ కనబడకపోతే కొట్టించు" అన్నాడు రాజు.

దారి చూపడానికి కొండమీది చిలకమ్మ అనే అవ్వ వచ్చింది.

"దొరా, మబ్బు ఈ చెట్లకు చిక్కి చుక్కచుక్కగా రాలితేనే మా వాగు పారేది. చెట్లు పోతే మా గొంతులెండుతాయి" అంది.

మొదటి రోజు నగారా "ఢాం" అంది. అడవిదున్నలు లోయలోకి దిగిపోయాయి. రాజుకు వాటి పేడ మాత్రం దక్కింది.

రెండో రోజు నగారాను కొండ కింద వదిలేశారు. కానీ పునుగు వాసన గాలిలో ముందే వెళ్ళింది. "పెళ్ళివారెవరో వస్తున్నారర్రా, పదండి!" అని ముసలి కణితి దుప్పి తన మందను తోలుకుపోయింది.

మూడో రోజు మంత్రి గొడ్డళ్ళు నూరించాడు. చిలకమ్మ ఇక ఉండబట్టలేకపోయింది.

"దొరా, కోపం రాదంటే ఒక మాట. చుట్టాలింటికి వెళ్ళి డప్పు కొడతామా? ఇది వాటి ఇల్లు."

రాజుకు సిగ్గేసింది. సిగ్గుపడే రాజులు అరుదు సుమా! వాగులో స్నానం చేసి, అవ్వ ఇచ్చిన గొంగళి కప్పుకుని, ఉత్త కాళ్ళతో వెళ్ళి ఒక బండ మీద కూర్చున్నాడు. వెనకాలే వందిమాగధుడు కూర్చున్నాడు. మబ్బు వచ్చి అందర్నీ కప్పేసింది.

మబ్బు విడిపోయింది. ఎదురుగా దున్నలు మేస్తున్నాయి. కొమ్మ మీద బెట్టుడుత కాయ కొరుకుతోంది. ముసలి కణితి తన మనవణ్ణి నాకుతోంది. రాజు కళ్ళు చెమర్చాయి.

వందిమాగధుడు సంతోషం పట్టలేక "రాజాధి..." అని మొదలెట్టాడు. రాజు చటుక్కున తన అరచేత్తో వాడి నోరు మూశాడు. బిరుదులు వద్దనుకోవడం ఆయనకదే మొదటిసారి.

దిగి రాగానే "గొడ్డళ్ళు వెనక్కి పంపండి" అన్నాడు. చిలకమ్మ నవ్వుకుంటూ వాగుకు కడవ పట్టుకెళ్ళింది.

ఆ నగారా కొండ కిందే ఉండిపోయింది. చిల్లుపడిన దాని కడుపులో ఇప్పుడు కుందేలు పిల్లల్ని పెట్టింది.

అడవిని చూడబోయేవాడు ముందు తన ఆర్భాటాన్ని గడప దగ్గరే వదలాలి.