ఒట్టు పెట్టని సుంకమ్మ

ఊఁ కొట్టేవాళ్ళు ఊఁ కొట్టండి, నిద్రొచ్చినవాళ్ళు పడుకోండి. కథకి ఎవరి మీదా కోపం లేదు.

అనగనగా, ఏ దొర ఏలాడో ఎవరికీ గుర్తులేని కాలంలో, ఎర్రదిన్నె అని ఒక ఊరు. ఆ ఊళ్ళో సుంకమ్మ అని ఒక ముండమోపి. ఈత బరిగెలు కోసుకొచ్చి గంపలు అల్లేది. ఊరు ఆమెని "ఒసే సుంకీ" అని పిలిచేది. ఆమె పలికేది.

ఆ ఊళ్ళో ఏం చెప్పినా ఒట్టు పెట్టాల్సిందే. కూరలో ఉప్పేశానంటే అమ్మతోడు. గొడ్డుకి గడ్డేశానంటే బిడ్డతోడు. ఊరమ్మ గుడిముందు కర్పూరం ఆర్పి చెప్తే ఇక అది నిజం. ఒట్టు లేని మాటని గాలికి వదిలేసేవాళ్ళు.

ఒకసారి మూడేళ్ళు వానల్లేవు. జనం ఆకులు దూసుకు తిన్నారు. అప్పుడు ఎక్కడో సముద్రాల అవతలి నుంచి ఒక తెల్లామె వచ్చి ఊరి బయట గంజి పోయించింది. ఆమె మతంవాళ్ళని ఆమె దేశంలో క్వేకర్లంటారట. వాళ్ళకి గుళ్ళో పూజారి ఉండడు, పాట ఉండదు, గంట ఉండదు. పొద్దున్నే అందరూ చేరి గమ్మున కూర్చుంటారు. ఎవరి లోపలైనా మాట పుడితే లేచి చెప్తారు. పుట్టకపోతే ఆ రోజుకి లేదు. ఆమె పేరు పలకడానికి ఊరికి నోరు తిరక్క, గమ్మునమ్మ అన్నారు.

గంజి కాయడానికి సుంకమ్మ చేరింది. మొదటిరోజే గమ్మునమ్మ ఆమెని "సుంకమ్మగారూ" అంది. సుంకమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఎవరినో పిలుస్తున్నారని.

గంజికి అందర్నీ ఒకే వరసలో కూర్చోబెట్టింది గమ్మునమ్మ. కొందరు కోపంతో లేచిపోయారు. ఆకలేసి మళ్ళీ వచ్చారు.

ఒకరోజు సుంకమ్మ "అమ్మతోడు, గింజలు సరిగ్గానే వేశానమ్మా" అంది.

"మీ అమ్మ ఎందుకండీ మధ్యలో? వేశానంటే చాలదా?" అంది గమ్మునమ్మ. "ఒట్టు పెట్టినప్పుడే నిజమైతే, ఒట్టు పెట్టనప్పుడు చెప్పేవన్నీ ఏంటి?"

సుంకమ్మ మూడు రోజులు ఆ మాటే ఆలోచించింది. ఆ తర్వాత ఒట్టు పెట్టలేదు.

వానలొచ్చాయి. గమ్మునమ్మ ఇంకో కరువుదేశానికి వెళ్ళిపోయింది. సుంకమ్మ మాత్రం రోజూ పొద్దున్నే ఆ గంజికొట్టంలో కాసేపు గమ్మున కూర్చునేది. "మతం మారావా?" అని అడిగారు ఆడవాళ్ళు. "లేదమ్మా, ఊరమ్మకి బోనం పెడుతూనే ఉన్నాగా. కూర్చోవడం నేర్చుకున్నా, అంతే" అంది.

ఒక ఏడు పెద్దవాన పడింది. చెరువు నిండి నీళ్ళు వెనక్కి తన్నాయి. వెనక ఉన్నది ఊరి పెద్ద నాగిరెడ్డి మిరపతోట. అది మునగడం మొదలైంది. తెల్లారేసరికి చెరువుకట్ట తెగి, కింద ఉన్న వందమంది చేలు ఇసక మేటలయ్యాయి.

కట్ట మీద గొర్రెలు తోలుకుపోయే బీరప్ప తెంపాడని నాగిరెడ్డి అన్నాడు. ఊరమ్మ గుడిముందు పంచాయితీ పెట్టారు. రెడ్డి మనుషులు ముగ్గురు వచ్చారు. మొదటివాడు కర్పూరం ఆర్పి, బీరప్పని చూశానన్నాడు. రెండోవాడు కర్పూరం ఆర్పి, చూశానన్నాడు. మూడోవాడికి చెయ్యి వణికింది. వాడూ ఆర్పాడు, వాడూ చూశానన్నాడు.

బీరప్ప పెళ్ళాం చంకలో పసిదానితో మట్టిలో కూలబడింది. కట్ట తెంపినవాడికి ఊరి వెలి. వెలి అంటే వాళ్ళకి బావి లేదు, నిప్పు లేదు, మాట్లాడే మనిషి లేడు.

అప్పుడు సుంకమ్మ లేచింది.

"బీరప్పగారు కాదు. కోడికూత వేళ నేను ఈత బరిగెలకి పోతూ చూశా. గడ్డపారతో కట్ట తవ్వింది రెడ్డిగారే."

నాగిరెడ్డి నవ్వాడు.

"కర్పూరం ఆర్పి చెప్పవే."

"ఆర్పనండీ."

"నీ చచ్చిన మొగుడి మీద ఒట్టేసి చెప్పు."

"వెయ్యనండీ."

పూజారి దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "సుంకమ్మా, నువ్వు చూసింది నిజమే అయితే ఒట్టేస్తే ఏం పోతుంది? ఆ కుటుంబం నిలబడుతుంది."

సుంకమ్మ బీరప్ప పెళ్ళాం వైపు చూసింది. ఒక్క మాటతో పోయేదానికి ఇంత పట్టెందుకు అని ఆమెకీ అనిపించింది.

"ఆ ముగ్గురూ ఒట్టేశారు సామీ" అంది. "నేనూ వేస్తే నా మాట వాళ్ళ మాట పక్కన నాలుగోదవుతుంది. ఇన్నేళ్ళుగా మీ అందరికీ గంపలు అల్లి ఇచ్చా. ఎప్పుడైనా అబద్ధమాడానా? ఆడుంటే చెప్పండి. లేదంటే ఇప్పుడూ నమ్మండి."

ఎవరూ చెప్పలేదు. ఎవరూ నమ్మామనీ అనలేదు.

బీరప్పని వెలి వేశారు. ఊరిపెద్ద మీద ఒట్టు లేకుండా నింద వేసినందుకు సుంకమ్మనీ వేశారు. ఆ రెండిళ్ళవాళ్ళూ వంక దాటి అవతలి రాళ్ళలో గుడిసెలు వేసుకున్నారు. బీరప్ప పెళ్ళాం ఏడాదిపాటు సుంకమ్మతో మాట్లాడలేదు. ఒట్టేసుంటే ఇళ్ళు మిగిలేవని ఆమె బాధ. సుంకమ్మ ఆ పసిదానికి గంప ఉయ్యాల అల్లింది. పొద్దున్నే రాళ్ళ మీద గమ్మున కూర్చునేది.

మొదటి ఏడు, చెయ్యి వణికినవాడు వంక దాటి వచ్చాడు. ఆమె పక్కన కూర్చుని, ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. రెండో ఏడు మిగిలిన ఇద్దరూ వచ్చారు. ఏడ్చి వెళ్ళారు. మూడో ఏడు నాగిరెడ్డే వచ్చాడు. తలపాగా తీసి రాయి మీద పెట్టి, ఎండెక్కేదాకా కూర్చున్నాడు. చివరికి, "తవ్వింది నేనే, సుంకమ్మా" అన్నాడు.

"నాకు తెలుసు కదండీ. తెలియనివాళ్ళకి చెప్పండి."

నాగిరెడ్డి ఊళ్ళోకి పోయి గుడిముందు నిలబడి చెప్పాడు. ఊరు నమ్మలేదు. రెడ్డికి మతి చెడిందన్నారు. కర్పూరం తెచ్చి, "ఆర్పి చెప్పు" అన్నారు.

"ఆర్పను" అన్నాడు నాగిరెడ్డి. "ముగ్గురి చేత ఆర్పించింది నేనే. అబద్ధం ఎంత బాగా నిలబడిందో చూశాను."

అప్పుడు ఊరు తల దించుకుంది.

అందరూ కలిసి వంక దాటారు. సుంకమ్మ అప్పటికే జ్వరంతో పడి ఉంది. బీరప్ప పెళ్ళామే ఆమె నోట్లో నీళ్ళు పోస్తోంది. "ఇంటికి రా తల్లీ" అన్నారు. "ముందు బీరప్పగారి సామాను మొయ్యండి" అంది సుంకమ్మ. వాళ్ళు మోశారు. తిరిగొచ్చేసరికి ఆమె లేదు.

ఏ పద్ధతిలో సాగనంపాలో పూజారికి తోచలేదు. ఊళ్ళోకి తెచ్చి గుడిముందు పడుకోబెట్టి, అందరూ ఒకే వరసలో కూర్చున్నారు. రెడ్డి పక్కన బీరప్ప, బీరప్ప పక్కన పూజారి, పూజారి పక్కన దర్గా సాయిబు. పొద్దెక్కేదాకా ఎవరూ మాట్లాడలేదు.

ఇప్పటికీ ఎర్రదిన్నెలో పంచాయితీ అంటే ముందు ఎసరు మరిగేంతసేపు అందరూ గమ్మున కూర్చుంటారు. గుడికి పోయేవాళ్ళూ, దర్గాకి పోయేవాళ్ళూ, చర్చికి పోయేవాళ్ళూ కూర్చుంటారు. సాక్షిని ఒట్టు పెట్టమని అడగరు. "సుంకమ్మ మాటగా చెప్పు" అంటారు.

సంతలో ఎద్దుల బేరగాళ్ళకి ఈ సంగతి తెలియదు. పళ్ళు చూపించి, నడిపించి చూపించి, చివర్లో "దేవుడి మీద ఒట్టు, మంచి ఎద్దు" అంటారు. ఎర్రదిన్నెవాళ్ళు పలుపు వాళ్ళ చేతికిచ్చి లేచిపోతారు.

"ఏమప్పా, ఎద్దు బాలేదా?" అని బేరగాడు అరుస్తాడు.

"ఎద్దు బాగానే ఉందప్పా. నువ్వే ఒట్టు పెట్టావు" అంటారు.