పట్టుకోళ్లకు విడిది

ఒకానొక రాజ్యంలో రాజుకు తెలియని సంగతంటూ లేదు. ఆ మాట ఆయనే చెప్పుకునేవాడు. కాదనే ధైర్యం ఎవరికీ లేదు కనక అది నిజమై కూచుంది. ఆయన పేరు ప్రచండ భూపతి.

ఒకసారి ఓడల వ్యాపారి ఒకడు తూర్పు దేశాల నుంచి ఆయనకు గంపెడు కోళ్లు కానుకగా తెచ్చాడు. వాటి ఈకలు ఈకల్లా లేవు, ఏకిన దూదిలా ఉన్నాయి. తెల్లటి దూది కింద చర్మం కారునలుపు. కాలికి ఒక వేలు ఎక్కువ. నెత్తి మీది కుచ్చు కళ్ల మీద పడి ఎదురుగా ఏముందో కనపడదు. ఎగరలేవు, ఎవరినీ పొడవలేవు. రాజు వాటికి పట్టుకోళ్లని పేరు పెట్టి, ఇవి తన అతిథులని సభలో చెప్పి, కోటలోని కోళ్లదొడ్డిలో వదలమన్నాడు.

ఆ దొడ్డి పైడమ్మది. అంటే రాజుదే, కానీ చాకిరీ పైడమ్మది. అందులో నాటుకోళ్లు, పందెం పుంజులు, గిన్నెకోళ్లు, బాతులు అన్నీ కలిసే తిరిగేవి. ఎవరు ముందు తినాలో, ఏ కొయ్య మీద ఎవరు పడుకోవాలో అవి తమలో తాము ఎప్పుడో తేల్చుకున్నాయి.

పైడమ్మ చేతులు కట్టుకుని ఒక్క మనవి చేసుకుంది. మధ్యన తడిక కట్టి కొన్నాళ్లు పట్టుకోళ్లను అవతల ఉంచుతానంది. తడిక సందుల్లోంచి చూసుకుంటాయి, ఇటు నూకలు వేసినప్పుడే అటూ వేస్తే ఒకదాని అలికిడి ఒకదానికి అలవాటవుతుంది, తర్వాత తడిక తీసేసినా గొడవ ఉండదు అని చెప్పింది.

రాజుకు ఒళ్లు మండింది. "నా అతిథులకు తడిక అడ్డమా? నన్ను చూసి ఊరంతా దారిస్తుంది. నా కోళ్లను చూసి కోళ్లు దారివ్వవా?"

మేళతాళాలతో తనే దొడ్డిలోకి వెళ్లి, గంప నడిమధ్యన బోర్లించాడు.

నాటుకోళ్లు కాసేపు కదలకుండా చూశాయి. తర్వాత ఒక ఎర్రపెట్ట వచ్చి, ఈ దూదిపింజె ఏమిటో తేల్చుకుందామని ఒక పోటు పొడిచింది. తెల్లటి కుచ్చు మీద నెత్తురు చుక్క కనపడగానే మిగతావన్నీ ఎగబడ్డాయి. పాపం ఆ పట్టుకోళ్లకు దెబ్బ ఎటునుంచి వస్తున్నదో కూడా కనపడలేదు. పైడమ్మ అడ్డంపడి, తన చేతులు గీరుకుపోతున్నా, ఒక్కొక్కదాన్నే లాగి గంప కింద దాచింది.

రాజు చెయ్యాల్సిన పని, ఆమెకు క్షమాపణ చెప్పుకోవడం. రాజులు అలాంటి పనులు చెయ్యరు. ఊళ్లో దండోరా వేయించాడు. అతిథి వచ్చిన క్షణానే తమలో కలుపుకోనిది ఎవరైనా సరే, మెడ కోయిస్తాడట. అతిథిని అడ్డుకట్టి వేరుగా ఉంచడం కూడా నేరమట. దొడ్డిలోని నాటుకోళ్లన్నీ రాకుమారి పెళ్లి విందులోకి. ఆ పెళ్లి మర్నాడే పైడమ్మ కోట వదిలి పోవాలి.

పైడమ్మ నేరుగా నాగసాని దగ్గరికి వెళ్లింది. నాగసాని కొలువులో అతిథి మర్యాదలు చూసే ఉద్యోగి. ఆమె నోటికి మంత్రులు కూడా జడిసేవారు.

"మా అమ్మ పెంచిన కోళ్ల సంతతి అమ్మగారూ అవి. పిల్లప్పుడు నా కొంగులో పడుకున్నవి. చెప్పిన మాట విననిది ఆయన, మెడ తెగేది వాటికా?" అంది. ఏడవలేదు.

"పెళ్లిదాకా కత్తి ముట్టరు కదా," అంది నాగసాని. "నువ్వు పోయి ఆ దెబ్బలకు పసుపు రాయి. నూకలు వెయ్యడం మానకు."

పెళ్లిరోజు వచ్చింది. మగపెళ్లివారి బండ్లు కోట గుమ్మం ముందు ఆగాయి. వియ్యంకుడు పొరుగు దేశపు రాజు. ఒళ్లంతా దారి దుమ్ము, తలపాగా కుచ్చు జారి కళ్ల మీద పడింది. నాగసాని ఎదురువెళ్లి నమస్కరించి, ఆయన్నీ ఆయన బలగాన్నీ తిన్నగా ఆడపెళ్లివారు కూచున్న చావడిలోకి తీసుకెళ్లి వదిలింది.

అక్కడ రాజు మేనత్త ఉంది. ఆవిడ వియ్యంకుణ్ణి ఎగాదిగా చూసి, తలపాగా కుచ్చు పట్టుకు లాగి, ఇది ఏ సంతలో దొరికిందని అడిగింది. రాజు బావమరిది పకపకా నవ్వాడు. వరుడి బాబాయికి కోపం వచ్చింది. ఎవరు ఎవరిని తోశారో గానీ గంధం గిన్నె పోయి వియ్యపురాలి ఒళ్లో పడింది. వియ్యంకుడు బండ్లు వెనక్కి తిప్పమన్నాడు.

రాజు పరుగున వచ్చాడు. "విడిది ఏమైంది నాగసానీ?"

"తాళం వేశాను మహారాజా."

"నీకు మతి పోయిందా? వియ్యాలవారిని ఎవరైనా తిన్నగా తెచ్చి ఈ గుంపులో దింపుతారా? ముందు విడిదిలో దిగాలి. కాళ్లు కడుక్కుని, పానకం తాగి, అలుపు తీర్చుకోవాలి. ఎదురుకోలు జరగాలి. దూరం నుంచి ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి. కలవడం ఆ తర్వాత. ఆమాత్రం తెలియదా నీకు?"

"నాకు తెలుసు. పైడమ్మకూ తెలుసు. ఆవిడ తడిక అంది, తమరు విడిది అంటున్నారు. అతిథిని వేరుగా ఉంచడం నేరమని దండోరా వేయించింది తమరే."

రాజు తిరిగి వియ్యంకుడి బండ్ల వైపు చూశాడు.

"ఇంకో సగం మిగిలింది," అంది నాగసాని. "వచ్చిన క్షణానే కలుపుకోనివారి మెడ కోయాలి. ముందు మేనత్తగారిదా, బావమరిదిగారిదా? కత్తులు ఎలాగూ వంటశాలలో నూరి పెట్టారు."

మేనత్త పమిట మెడ చుట్టూ కప్పుకుంది. అది చూసి ముందుగా నవ్వింది వియ్యంకుడు. కోళ్ల కథంతా విన్నాక మళ్లీ నవ్వాడు. చివరికి రాజుకూ నవ్వక తప్పలేదు. నవ్వీ నవ్వీ కూలబడి, మెడలోని హారం తీసి నాగసానికి ఇచ్చాడు.

నాగసాని నడుముకున్న తాళంచెవి తీసి వియ్యంకుడికి ఇచ్చింది. "విడిదిలో పానకం సిద్ధంగా ఉంది బాబుగారూ," అని రాజు వైపు తిరిగింది. "హారం సంతోషం. పైడమ్మ సంగతి?"

దండోరా రద్దయింది. విందులో గుత్తివంకాయ వడ్డించారు. కోళ్లదొడ్డి మీద ఇక పైడమ్మ మాటే చెల్లుతుందని రాజు అందరి ముందూ ఒప్పుకున్నాడు.

తడిక కట్టారు, కొన్నాళ్లకు విప్పారు. ఒక పట్టుకోడి పొదగడానికి కూచుంది. దాని కింద ఉన్నవి ఆ ఎర్రపెట్ట గుడ్లు. పిల్లలు దిగాయని విని రాజు ఉత్సాహంగా వచ్చి దొడ్డి తలుపు మీద చెయ్యి వేశాడు.

"అక్కడే ఆగండి మహారాజా," అంది పైడమ్మ లోపలినుంచి. "అవి మిమ్మల్ని చూసి అలవాటు పడాలి."

రాజు నవ్వుకుంటూ బయటే నిలబడ్డాడు.