రాణిని చూడాలనుకున్న వేషగాడు

ఆ దేశానికి రాజు ఉన్నాడు, రాణి లేదు. రాణి పోయాక రాజు మళ్లీ పెళ్లి చేసుకోలేదు. కొలువులో ఆయన పక్కన రాణిగారి ఆసనం ఖాళీగా ఉండిపోయింది. రాజుతో చెప్పుకోలేని మాటలు ఆ ఆసనం దగ్గర చెప్పుకోవడం జనానికి అలవాటు. ఇప్పుడు వినేవాళ్లు లేక ఆ మాటలు ఎవరి కడుపులో వాళ్లకే ఉండిపోయాయి.

ఇక రాణులు కనబడేది నాటకాల్లోనే. ఆ రాణులందరూ మగవాళ్లు. తాతల నాటి నుంచీ అదే ఆచారం. మీసం తీసి, ముఖానికి పచ్చటి అర్దళం పూసి, సవరం జడ వేసి, పట్టుచీర కట్టి నిలబడితే, తెర తొలిగేసరికి వాడు రాణి అయిపోవాలి. కానీ ఇంటింటికీ టీవీ వచ్చాక నాటకానికి వచ్చేవాళ్లు తగ్గారు. వేషగాళ్లు కొందరు కూలికి పోతున్నారు, కొందరు కొట్లు పెట్టుకున్నారు.

అప్పుడు టీవీవాళ్లు రాజు దగ్గరికి వెళ్లారు. "రాణి వేషాలు కట్టేవాళ్లందరికీ ఒక పోటీ పెడతాం ప్రభూ. వారానికొకరు తప్పుకోగా చివరికి మిగిలిన రాణి ఏడాది పాటు మీ కొలువులో ఆ ఆసనం మీద కూర్చుంటుంది. జనం వచ్చి చెప్పుకుంటారు. దేశమంతా చూస్తుంది" అన్నారు.

రాజు ఖాళీ ఆసనం వైపు చూశాడు. "వినే మనిషి ఒకరుంటే మంచిదే" అన్నాడు.

ఆ కబురు మెట్ట ప్రాంతంలో ఒక వేషగాడి చెవిన పడింది. సగం జీవితం అతను రాణి వేషమే కట్టాడు. భర్త యుద్ధానికి పోయిన రాణి, కొడుకు దూరమైన రాణి, రాజ్యం పోయిన రాణి, ఏ కథలోనైనా అతని రాణి ఒక్కతే. ఆమె రంగం మీదికి వస్తే కబుర్లు చెప్పుకునేవాళ్లు నోరు మూసుకునేవారు. ముసలివాళ్లు తెలియకుండానే లేచి నిలబడేవారు.

ఆ రాణిని చూడనిది దేశంలో అతనొక్కడే.

అద్దంలో అతనికి ఆమె ముక్కలుగా కనబడేది. కన్ను దిద్దుతున్నప్పుడు కన్ను, పెదవి దిద్దుతున్నప్పుడు పెదవి. అన్నీ పూర్తయ్యేసరికి పిలుపు వచ్చేది, తెర వెనక్కి పోవాలి. రంగం మీద అద్దం ఉండదు కదా. నాటకం అయ్యాక ఆమె ఎలా ఉందని జనాన్ని అడిగేవాడు. ఒకరు ఆమె చాలా పొడుగన్నారు. అతనేమో పొట్టి. మా అమ్మలా ఉందని ఒకరు, అంతసేపూ నన్నే చూసిందని ఇంకొకరు. ఇంటికొచ్చి భార్యను అడిగితే ఆమె చేట పక్కన పెట్టి, "రోజూ ఆవిడతో ఉండేది మీరు. నన్నడుగుతారేమిటి?" అంది.

టీవీలో అయితే నేను కట్టిన వేషాన్ని నేనే చూసుకోవచ్చు అనుకున్నాడు. ఆసనం మీద ఆశ లేదని కాదు. కానీ అతన్ని బండెక్కించింది మాత్రం ఆ కుతూహలమే.

పోటీ జరిగే చోట దేశం నాలుగు మూలల నుంచీ వేషగాళ్లు చేరారు. తీర్పు చెప్పేది ఒక ముసలాయన. ఒకప్పుడు ఆయన కట్టిన రాణి వేషానికి ఏనుగులు కూడా దారి ఇచ్చేవని చెప్పుకునేవారు. ఇప్పుడు తెల్ల పంచె, మెడలో కండువా, అంతే. అందరూ ఆయన్ని పెద్దాయన అనేవారు.

మెట్టవాడికి గదిలో జతగా దొరికినవాడు చేపల రేవు నుంచి వచ్చాడు. అతనికి గురువు లేడు. పడవల పండుగలో సరదాకి చీర కట్టుకుని, ఆ సరదాలోనే పెరిగాడు. ఒంగిన ముక్కు, గాలం కొక్కెం తగిలి చీలిన కనుబొమ. అతని రాణి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడుతుంది, తల వెనక్కి వేసి పకపకా నవ్వుతుంది, సేనాపతితో బేరమాడుతుంది.

"రాణి అలా నవ్వదు" అన్నాడు మెట్టవాడు మొదటిరోజే.

"నా రాణికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదన్నా" అన్నాడు రేవువాడు.

మొదటి వారం తప్పుకోవాల్సి వచ్చినవాడిని చూసి అందరూ ఆశ్చర్యపోయారు. అతను వేషం కడితే పక్కింటి ఆడపడుచు కూడా పోల్చుకోలేదు. గొంతు, నడక, సిగ్గు, దేనికీ వంక లేదు. పెద్దాయన అతని భుజం మీద చెయ్యి వేసి, "చక్కటి ఆడదాన్ని చూపించావు నాయనా. రాణిని చూపించలేదు" అన్నాడు.

ఆ తరువాత ఒళ్లంతా నగలు దిగేసుకున్నవాడు పోయాడు. ఇతనికి అసలు రాణికి ఉండాల్సినవన్నీ ఉన్నాయి కదా అని వేషగాళ్లు గొణిగారు. ఏం చూసి తీర్పు చెబుతున్నారో ఎవరికీ అంతుపట్టలేదు. మెట్టవాడు ధైర్యం చేసి పెద్దాయన్నే అడిగాడు.

"ఇది మొదటి ఏడు" అన్నాడు పెద్దాయన. "నేనూ వెతుకుతున్నాను."

వారం ముగిశాక ఆ వారం ఆటను టీవీలో వేషగాళ్లకు చూపించేవారు. మెట్టవాడు ఎదురుచూసింది దానికోసమే. ముందు వరసలో కూర్చున్నాడు. తెర తొలిగింది, వేషం వచ్చింది. జనం లేచి నిలబడటం కూడా కనబడింది. కానీ అతనికి కనబడింది మాత్రం తనే. ఇక్కడ రవిక బిగిసింది, ఇక్కడ అడుగు తడబడింది, ఇక్కడ పద్యం ఎత్తుకోబోయి గుటక మింగాను. రంగు పూసుకున్న ఒక అలిసిన మగవాడు తప్ప అక్కడ ఇంకెవరూ లేరు.

అతను గదికి వచ్చి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. రేవువాడు, "ఏమైందన్నా?" అని అడిగాడు. తన రాణిని తను ఎప్పుడూ చూడలేదన్న మాట, ఎవరికీ చెప్పనిది, మెట్టవాడు మొదటిసారి చెప్పాడు.

రేవువాడు నవ్వుతాడనుకున్నాడు. అతను నవ్వలేదు. "వండినవాడికి వండేసరికే కడుపు నిండిపోతుంది కదన్నా. రుచి తినేవాళ్లకే" అన్నాడు. పక్కన వచ్చి కూర్చుని, "నా రాణి ఎలా ఉంటుందో నేనెప్పుడూ అనుకోలేదు. నువ్వు చెప్పాక నాకూ చూడాలని ఉంది" అన్నాడు.

వారాలు గడిచాయి. ఒక్కొక్కరే మూట సర్దుకుని పోగా చివరికి ఆ గదిలో ఉన్న ఇద్దరే మిగిలారు. దేశం రెండుగా చీలింది. కాఫీ కొట్ల దగ్గర పందాలు, వాదాలు. ఏడిపించే రాణి కావాలా, నవ్వించే రాణి కావాలా అని మొగుడూ పెళ్లాలు మాటలు మానేశారట.

చివరి రోజు పెద్దాయన ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. "ఇవాళ ఎవరి రాణిని వాళ్లు ఎదుటివాడి ముఖం మీద కట్టండి" అన్నాడు.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందుగా మెట్టవాడు తేరుకున్నాడు. "గెలిచేది ఎవరండీ? కట్టినవాడా, కట్టించుకున్నవాడా?"

"రాణి గెలుస్తుంది" అన్నాడు పెద్దాయన. "ఆసనం మీద కూర్చునేది ఆ ముఖమే."

అంటే తను బాగా కడితే రేవువాడు గెలుస్తాడు. చెడగొడితే ఆసనం తనదే. మెట్టవాడికి ఆ లెక్క కుంచె చేతిలోకి తీసుకునేలోపే అర్థమైంది. రేవువాడికీ అర్థమైంది, అతని కళ్లలో తెలిసిపోతోంది. కాటుక గీత నూలుపోగంత పక్కకు జరిగితే చాలు, ఎవరూ కనిపెట్టలేరు. రేవువాడు కళ్లు మూసుకుని ముఖం అప్పగించాడు.

మెట్టవాడు కుంచె రంగులో ముంచాడు. ఆసనం కళ్లముందు మెదిలింది. ఊరు కళ్లముందు మెదిలింది. ఈ గీత జరిపితే ఆసనం దొరుకుతుంది, తన రాణి మాత్రం ఇక ఎప్పటికీ తనకు కనబడదు అనిపించింది. అతను ఊపిరి బిగబట్టి మొదటి గీత సరిగ్గా గీశాడు. ఆ తరువాత చెయ్యి దానంతటదే పోయింది. అర్దళం మెత్తగా పట్టించాడు. ఒంగిన ముక్కుకు నీడ దిద్ది నిలబెట్టాడు. చీలిన కనుబొమను మూయబోయి, ఎందుకో అలాగే ఉంచాడు. పాపిట సరి చేశాడు, జడ వేశాడు, కొంగు సర్దాడు.

"ఇక కళ్లు తెరువు" అన్నాడు.

ఆమె కళ్లు తెరిచింది.

మెట్టవాడు లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో అతనికి తెలియదు. ఆమె నిజంగానే పొడుగ్గా ఉంది. ఇన్నేళ్లూ ఆమె దుఃఖంలో ఉన్న రాణి అనుకుని, ప్రతి పద్యంలోనూ ఏడిపించాడు. ఈమె ముఖంలో ఏడుపు లేదు. ఎదుటివాడిని ఏదో అడగబోతున్నట్టు, వాడు ఏం చెబుతాడో వినాలని ఉన్నట్టు, కొంచెం ముందుకు వంగి చూస్తోంది.

"ఏంటన్నా, కుదర్లేదా?" అన్నాడు రేవువాడు ఆ ముఖంతోనే.

"కుదిరింది" అన్నాడు మెట్టవాడు. "కాసేపు కదలకుండా కూర్చో. చూడనీ."

తరువాత అతను కూర్చుంటే రేవువాడు తన రాణిని కట్టాడు. అదీ మోసం లేకుండానే. మెట్టవాడు ఆరోజు నడుం మీద చేతులు పెట్టుకుని రంగం ఎక్కాడు. తల వెనక్కి వేస్తే లోపల ఎక్కడినుంచో పకపకా నవ్వు వచ్చింది. అది తనదే అని నమ్మలేకపోయాడు. జనం పొట్టలు పట్టుకున్నారు. పక్కనుంచి చూస్తున్న రేవువాడు నోరు తెరుచుకుని, "అబ్బ, ఎంత గడుసుదో" అన్నాడు.

కానీ రేవువాడి ముఖంతో రెండో రాణి రాగానే సభ మాట మరిచిపోయింది. పెద్దాయన కూడా లేచాడు. లేచి, కిరీటం ఆమె తల మీద పెట్టాడు.

మెట్టవాడు చప్పట్లు కొట్టాడు. కొడుతుంటే అరచేతులు బరువెక్కాయి. ఓడినందుకో, ఆమె గెలిచినందుకో అతనికే తెలియలేదు. గదికి వచ్చి గడుసు రాణి రంగు కడుక్కుంటూ కాస్త ఏడ్చాడు. రంగూ నీళ్లూ కలిసి పోయాయి.

రేవువాడు వెనకే వచ్చి కిరీటం మంచం మీద పెట్టాడు. "ఇది నీ రాణి అన్నా. ఆసనం మీద నా రాణితోనే కూర్చుంటానని వాళ్లతో చెబుతాను. నీది నీకు ఉండనీ" అన్నాడు.

"జనం ముందు కిరీటం పెట్టింది ఆమెకే" అన్నాడు మెట్టవాడు. "రేపు ఇంకో ముఖం వెళ్లి కూర్చుంటే ఆమె ఏదని అడగరా?"

"మరి నాకు ఆమె సంగతులేం తెలుసు?"

"కూర్చో, చెబుతాను."

ఊరికి వెళ్లేదాకా మెట్టవాడు అతనికి నేర్పాడు. ఆమె ఎలా కూర్చుంటుంది, కొంగు ఏ చేత్తో పడుతుంది, కోపం వస్తే పెదవి కదపకుండా చూపు ఎలా దించుతుంది. రేవువాడు విసుక్కోకుండా అడుగుతూ పోయాడు. చివరికి, "ఎవరూ లేనప్పుడు ఏం చేస్తుందన్నా?" అన్నాడు.

మెట్టవాడు మూట ముడి వేయడం ఆపాడు. "ఎవరూ లేనప్పుడు ఆమె దగ్గర నేనెప్పుడూ లేను" అన్నాడు. "నువ్వే చూసి చెప్పాలి."

మొదటి కొలువు రోజు సాయంత్రం అతను ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాడు. భార్య చేతిపని ముగించుకుని వచ్చి పక్కన చేరింది. టీవీలో రాజు వచ్చాడు. ఆ తరువాత రాణి వచ్చి, అతను నేర్పినట్టే కూర్చుంది, నేర్పినట్టే కొంగు పట్టుకుంది. తరువాత ఏమవుతుందో అతనికి ముందే తెలుస్తోంది.

ఇంతలో ఒక ముసలమ్మ వచ్చి ఆసనం ముందు నిలబడింది. చెప్పుకోవాల్సింది ఏదో ఉంది, కానీ అంతమంది ముందు గొంతు పెగలడం లేదు. భటుడు తొందర చేశాడు.

మెట్టవాడు తల పంకించాడు. ఇప్పుడు ఆమె చూపు దించుతుంది అనుకున్నాడు.

రాణి చూపు దించలేదు. కొంగు వదిలేసి, ఆ వెడల్పాటి ఆసనం మీద ఒక పక్కకు జరిగింది. పక్కన ఖాళీ చేసిన చోటును అరచేత్తో తట్టింది.

ముసలమ్మకు అర్థం కాలేదు. రాణి మళ్లీ తట్టింది. ముసలమ్మ మెల్లగా వచ్చి అంచున కూర్చుంది. రాణి చెవి ఆమె వైపు వంచింది.

"ఇది మీరు నేర్పారా?" అని అడిగింది భార్య.

"లేదు" అన్నాడు మెట్టవాడు. అతను అప్పటికే చాప చివరిదాకా జరిగి, టీవీకి బాగా దగ్గరగా కూర్చున్నాడు. "మాట్లాడకు. ఏం చేస్తుందో చూద్దాం."