అవ్వ నేర్పిన కత్తెరడుగు

ఇప్పలకోన అనే అడవిలో దుప్పులు, ఎలుగుబంట్లు, కొండముచ్చులు, అలుగులు, తాబేళ్ళు, రకరకాల పక్షులు కలిసి బతికేవి. ఆ కోన మధ్యలో ఒక పచ్చికబయలు ఉండేది. వానలు పడితే అక్కడ గడ్డి ఎలుగుబంటి నడుము దాకా పెరిగేది. చలికాలానికి దుప్పులు ఆ గడ్డినంతా మేసి నున్నగా చేసేవి. అప్పటి నుంచి మళ్ళీ తొలకరి దాకా ఆ బయలులో కాలిబంతి ఆటే ఆట.

బంతిని గిజిగాడు పిట్టలు అల్లేవి. పైన గడ్డి, లోపల బూరుగు దూది. అటు రెండు పుట్టలు, ఇటు రెండు పుట్టలు. పుట్టల మధ్య నుంచి బంతి దూరితే గోలు. కోన జంతువులది ఒక జట్టు, పక్కనున్న ఎర్రగట్టు జంతువులది ఇంకో జట్టు. జట్టుకు ఏడుగురు. రిఫరీ తెల్లకొంగ. కదలకుండా, మెదలకుండా, ఒంటికాలి మీద అంతసేపు నిలబడి చూడగల ఓపిక ఇంకెవరికి ఉంది!

ఆట అయిపోయాక, పొద్దు గూకేలోగా, ఒక గోరువంక కోనంతా తిరిగి ఆట కబురు చెప్పేది. ముసలివాళ్ళు, బాలింతలు, గుడ్ల మీద కూర్చున్న పక్షులు ఆటకు రాలేరు కదా. వాళ్ళ కోసం ఆ ఏర్పాటు. దానికి రెండు కట్టుబాట్లు ఉండేవి. ఒక ఆటకు ఒకే ముచ్చట చెప్పాలి. ఎవరి పేరూ చెప్పకూడదు. పేర్లు చెబితే తగువులు వస్తున్నాయని పెద్దలు ఎప్పుడో పెట్టిన నియమం అది. ఏ ముచ్చట చెప్పాలో గోరువంక సొంతంగా ఎంచుకునేది కూడా కాదు. ఆట చూసినవాళ్ళు ఇళ్ళకు పోతూ దేని గురించి ఎక్కువ మాట్లాడుకుంటే అదే ఆనాటి ముచ్చట.

కోన జట్టులో చెంగల్రాయుడు అనే కుర్ర దుప్పి ఉండేవాడు. వాడి ఆట చూసి తీరాలి. బంతి వాడి కాలికి తగిలిందంటే ఇక వదిలేది కాదు. తల్లి లేని వాడిని అవ్వ ఈరమ్మ పెంచింది. ఆమెకు ఇప్పుడు రెండు కళ్ళకూ పొర కమ్మేసింది. ఎగువ బండ దగ్గరే ఉంటూ, మనవడు తెచ్చిన లేత ఆకులు నములుతూ, సాయంత్రం గోరువంక కోసం చెవులు రిక్కించుకుని కూర్చునేది.

అవ్వ వాడికి ఒక అడుగు నేర్పింది. ముందు కాళ్ళు రెండూ కత్తెర వేసినట్టు వేసి, ఎడమకు ఒరిగి, ఉన్నట్టుండి కుడికి దూకాలి. వయసులో ఉన్నప్పుడు అవ్వ ఆ కత్తెరడుగుతోనే రెండుసార్లు చిరుతపులిని బోల్తా కొట్టించింది. దాన్ని మనవడికి తప్ప ఇంకెవరికీ నేర్పలేదు.

"ఒరే చెంగా, గోరువంక నోట ఆ అడుగు మాట ఒక్కసారి వినాలని ఉందిరా" అనేది అవ్వ. "పేరు చెప్పకపోతే ఏం? ఆ అడుగు వింటే అది నువ్వేనని నాకు తెలియదూ?"

"దానికి గోరువంక ఎందుకవ్వా? నేనే చెబుతాగా! నిన్న ఆ అడుగుతోనే రెండు గోల్స్ కొట్టాను."

"నీ గొప్ప నువ్వు చెప్పుకుంటే అది సొంత డబ్బా. నలుగురూ చెబితే నా చెవికి ఇంపు. ఈ ఏటి ఆటలు అయ్యేలోపు వినిపించు నాయనా. వచ్చే ఏటికి నేను ఉంటానో, పోతానో."

వాడికి అవ్వ అంటే ప్రాణం. వినిపించాలనే ఉండేది. కానీ వాడిలో ఇంకో గుణం ఉంది. గోలు కొట్టగానే ఒళ్ళు మరిచిపోయేవాడు. ఎదుటి జట్టు ముందు తోక ఎత్తి ఆడించేవాడు. నెమలీకలు కొమ్ములకు తగిలించుకుని ఊరేగేవాడు. బంతి తనకు ఇవ్వకపోతే అలిగి బయలు మధ్యలో చతికిలబడేవాడు. ఆకు రాలి మీద పడినా కాలు విరిగినట్టు మూడు పల్టీలు కొట్టి మూలిగేవాడు.

"ఏం కోతి చేష్టలురా అవి!" అని అందరూ అంటుంటే, చెట్టు మీది కొండముచ్చు తాతకు ఒళ్ళు మండేది. "అయ్యా, ఆ మాటలోకి మా జాతిని లాగకండి. మేము కూడా అన్ని వేషాలు వెయ్యం" అనేవాడు.

ఒకనాటి ఆటలో చెంగల్రాయుడు కత్తెరడుగు వేసి, ముగ్గురిని దాటి, మంచి గోలు కొట్టాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఎర్రగట్టు గోలు కాచేది జడలయ్య అనే ఎలుగుబంటి. ఆయనకు ఊరికే ఒళ్ళు గోక్కునే అలవాటు. చెంగల్రాయుడు గెంతి పుట్ట ఎక్కి, అచ్చం ఆయనలాగే పొట్ట గోక్కుంటూ వెక్కిరించాడు. పుట్ట కొస పుటుక్కున విరిగింది. వాడు తలకిందులుగా పడి, ఒళ్ళంతా పుట్టమన్ను పూసుకుని, చెదలు దులుపుకుంటూ లేచాడు. కొండముచ్చులు కొమ్మల మీద నుంచి కింద పడేటంతగా నవ్వాయి.

సాయంత్రం గోరువంక వచ్చి చెప్పింది. "ఇవాళ ఒక దుప్పి పుట్టెక్కి, ఎలుగుబంటిని వెక్కిరించబోయి, పుట్ట విరిగి బొక్కబోర్లా పడింది!"

అవ్వ పకపకా నవ్వింది. "ఎవర్రా ఆ తిక్కది?"

చెంగల్రాయుడు చెవి వెనక మిగిలిన పుట్టమన్ను గబగబా దులుపుకున్నాడు.

"ఎవరో లే అవ్వా" అన్నాడు.

ఆ తర్వాతి ఆటలో వేషాలు వెయ్యకూడదని గట్టిగా అనుకున్నాడు. ఒక గోలు కొట్టి బుద్ధిగానే ఉన్నాడు. రెండోది కొడితే, బంతి పుట్ట బయట నుంచి పోయింది, చెల్లదు అంది కొంగ. అంతే! చెంగల్రాయుడు అలిగాడు, కూలబడ్డాడు, కాళ్ళు కొట్టుకున్నాడు. కొంగ నిమ్మకు నీరెత్తినట్టు నిలబడింది. దానితో కోపం నషాళానికి అంటి, వెనక నుంచి వెళ్ళి దాని తోకలో ఈక ఒకటి పీకాడు.

కొంగ రెక్క చాచి బయటికి దారి చూపించింది. మిగిలిన ఆరుగురితో కోన జట్టు తంటాలు పడింది. ఎర్రగట్టు వాళ్ళు రెండు గోల్స్ కొట్టి గెలిచారు.

గోరువంక ఆ సాయంత్రం చెప్పిన ముచ్చట ఏమిటో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. "ఇవాళ ఒక దుప్పి అలిగి రిఫరీ ఈక పీకింది. దాని పుణ్యమా అని కోన జట్టు ఓడింది!"

ఈసారి అవ్వ నవ్వలేదు. మెల్లగా అంది. "ఆ దుప్పికి కూడా ఒక అవ్వ ఉండే ఉంటుంది. ఈ కబురు విని ఆమెకు ఎట్లా ఉందో, పాపం."

చెంగల్రాయుడికి తల కొట్టేసినట్టయింది. ఆ పూట వాడికి గడ్డి కూడా సయించలేదు.

మర్నాడు జట్టుకు ఆట నేర్పే తాబేలు కూర్మయ్య వాడిని పిలిచాడు. "వచ్చే ఆటలో నువ్వు ఆడకుండా బయలు గట్టున కూర్చో" అన్నాడు.

"నేను లేకపోతే గోలు ఎవరు కొడతారు?"

"నిన్న నువ్వు కొట్టావు. అయినా ఓడాం కదా" అని కూర్మయ్య తల లోపలికి లాక్కున్నాడు. తాబేలు తల లోపలికి పోయాక ఇక వాదించడానికి ఏముంది!

ఆ ఆటలో చెంగల్రాయుడు గట్టున కూర్చుని చూశాడు. మొదటిసారి తన జట్టు ఆట మొత్తం చూశాడు. వెనక కాపలా ఉండే, ఒళ్ళంతా పొలుసులున్న అలుగు పొలుసయ్యను ఇన్నాళ్ళూ వాడు పట్టించుకోనే లేదు. ఎర్రగట్టు అడవిపంది గుర్రుమంటూ బంతితో దూసుకొస్తుంటే, పొలుసయ్య కదలకుండా నిలబడి, చివరి క్షణంలో బంతి చుట్టూ ఉండలా చుట్టుకున్నాడు. పంది ఆ ఉండ మీద నుంచి పల్టీ కొట్టింది. ఆట సమంగా ముగిసింది. ఆనాటి ముచ్చట ఆ ఉండ గురించే.

"ఆహా, ఎంత బాగా ఆడిందిరా ఆ అలుగు!" అని అవ్వ మురిసిపోయింది. "దాన్ని కన్న తల్లి ధన్యురాలు."

చెంగల్రాయుడు ఆ ఏడు అప్పటికి పదకొండు గోల్స్ కొట్టాడు. గోరువంక నోట ఒక్కటీ అవ్వ చెవిన పడలేదు. ఒక్క గోలూ కొట్టని పొలుసయ్య ఒక్కసారి ఉండ చుట్టుకుంటే కోనంతా తెలిసింది. వాడికి అసూయ పుట్టింది. దాని వెనకే సిగ్గు కూడా వచ్చింది. నేరుగా పొలుసయ్య దగ్గరికే పోయాడు.

"అన్నా, నిన్ను ఎవరైనా వెక్కిరిస్తే ఏం చేస్తావు?"

"బంతిని చూస్తాను" అన్నాడు పొలుసయ్య చెదలు నాకుతూ. "నేను కూడా తిరిగి వెక్కిరిస్తూ కూర్చుంటే, ఆ కాసేపు బంతిని ఎవరు చూడాలి?"

"గోలు కొట్టాక నా కాళ్ళు నా మాట వినవన్నా."

"అయితే నువ్వు నేర్చుకోవాల్సింది గోలు కొట్టడం కాదు, కొట్టాక వెనక్కి నడవడం."

మర్నాటి నుంచి కోనలో ఒక వింత మొదలైంది. పొద్దున్నే చెంగల్రాయుడు బయలుకు వచ్చి, ఖాళీ పుట్టల మధ్యకు బంతి తన్ని, వెనక్కి తిరిగి తన చోటికి నడిచేవాడు. అంతే, మరేం లేదు. వినడానికి సులువే. కానీ నాలుగు అడుగులు వేసేసరికి తోక దానంతటదే లేచేది. "తోక!" అని అరిచేవాడు పొలుసయ్య. తోక దించితే గిట్టలు చిందు తొక్కేవి. "కాళ్ళు!" అని అరిచేవాడు. ఇరవై రోజులు పట్టింది వాడికి, ఉత్త నడక నడవడానికి.

ఆ ఏటి చివరి ఆట వచ్చింది. ఆకాశంలో అప్పటికే మబ్బులు కూడుతున్నాయి. నాలుగు చినుకులు పడితే గడ్డి లేస్తుంది. ఇక మళ్ళీ చలికాలం దాకా ఆట లేదు. అవ్వ మాట చెంగల్రాయుడి చెవిలో మోగుతూనే ఉంది.

సగం ఆట అయ్యేసరికి ఇరుజట్లూ చెరొక గోలు కొట్టాయి. అప్పుడు కూర్మయ్య తల బయటపెట్టి, గట్టున కూర్చున్న చెంగల్రాయుడి వైపు చూశాడు. "పో" అన్నాడు.

వాడు దిగగానే జడలయ్య గోలు దగ్గర నుంచి పొట్ట గోక్కుంటూ కేక వేశాడు. "ఏరా చెంగా, పుట్టెక్కవా? ఈసారి నీకోసం గట్టి పుట్ట చూసి పెట్టాను!"

ఎర్రగట్టు జంతువులు గొల్లుమన్నాయి. చెంగల్రాయుడి చెవులు ఎర్రబడ్డాయి. తోక వణికింది. వాడు బంతిని చూశాడు.

బంతి పొలుసయ్య నుంచి దొర్లుకుంటూ వాడి కాళ్ళ దగ్గరికి వచ్చింది. అడవిపంది అడ్డం వచ్చింది. దానికి తోడు నక్క, ముంగిస వచ్చాయి. వాడి ముందు కాళ్ళు కత్తెర వేశాయి. ఒళ్ళు ఎడమకు ఒరిగింది. ముగ్గురూ ఎడమకు దూకారు. జడలయ్య కూడా ఎడమకే పడ్డాడు. చెంగల్రాయుడు కుడికి దూకి, బంతిని మెల్లగా, పసిపిల్లను పడుకోబెట్టినట్టు, పుట్టల మధ్యకు తోశాడు.

కొండముచ్చులన్నీ కొమ్మల మీద నుంచి ముందుకు వంగాయి. ఇప్పుడు చూడాలి తమాషా!

చెంగల్రాయుడు వెనక్కి తిరిగాడు. నడిచాడు. తన చోటికి వచ్చి నిలబడ్డాడు.

"ఇంతేనా?" అన్నాడు కొండముచ్చు తాత నిరాశగా. కాసేపు బుర్ర గోక్కున్నాడు. "అవును గానీ, వాడు పోయింది ఎడమకు కదా. కుడి నుంచి ఎట్లా వచ్చాడు?"

"ఎడమకు పోలేదు తాతా, పోయినట్టు కనిపించాడు" అంది పక్క కొమ్మ మీది పిల్ల కొండముచ్చు.

"కాళ్ళు ఎట్లా వేశాడంటావు?"

ఆట ముగిసింది. కోన జట్టు గెలిచింది. ఇళ్ళకు పోయే దారంతా ఆ అడుగు గురించే వాదన. దుప్పులు వేసి చూపించబోయి కాళ్ళు మెలిపడి పడ్డాయి. మాట్లాడుకోవడానికి వేరే ఏమీ లేకపోయె మరి! గోరువంక అంతా విని రెక్క విప్పింది.

చెంగల్రాయుడు పరుగున వచ్చి, ఆట మాట ఎత్తకుండా అవ్వ పక్కన కూర్చున్నాడు. గోరువంక బండ మీద వాలింది.

"ఇవాళ ఒక దుప్పి ముందు కాళ్ళు కత్తెర వేసి, ఎడమకు ఒరిగి, కుడికి దూకింది. ముగ్గురు ఆటగాళ్ళు, గోలు కాచే ఎలుగుబంటి, నలుగురూ ఎడమకే పోయారు!"

అవ్వ నములుతున్న ఆకు నోట్లోనే ఆగిపోయింది.

"ఇంకోసారి చెప్పు తల్లీ" అంది.

గోరువంక ఇంకోసారి చెప్పింది. ఒకే ముచ్చట చెప్పాలన్నారు గానీ, ఒకేసారి చెప్పాలని ఎవరూ అనలేదు కదా.

అవ్వ లేచింది. ముసలి కాళ్ళతో తడుముకుంటూ, బండ మీద ఎడమకు ఒరిగి, కుడికి ఒక చిన్న గెంతు వేసింది. ఆమె మొహం వెలిగిపోయింది. అది చూసి చెంగల్రాయుడికి ఆనందంతో కళ్ళు చెమ్మగిల్లాయి. కానీ ఒక మాట లోపల ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

"అవ్వా, ఆ రోజు పుట్ట మీద నుంచి పడిన తిక్కది కూడా నేనే. కొంగ ఈక పీకిందీ నేనే."

"తెలుసురా" అంది అవ్వ. "వారం రోజుల దాకా నీ దగ్గర పుట్టమన్ను వాసన పోలేదు. కళ్ళు పోయాయి గానీ, ముక్కు పోలేదు కదా."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదవ్వా?"

"అడిగితే ఏముంది? ఆ అడుగు మాట గోరువంక నోట వినాలి, ఈ మాట నీ నోట వినాలి అనుకున్నాను. ఒకే పూట రెండూ విన్నాను."

తొలకరి చినుకు ఒకటి వచ్చి అవ్వ ముక్కు మీద పడింది. చెంగల్రాయుడు ఆమెను ఆనుకుని, మెల్లగా, ఉత్త నడక నడిపిస్తూ, బండ కిందికి తీసుకుపోయాడు.

నీతి: ఎంత గొప్ప విద్య ఉన్నా, వెకిలి వేషాలు వేస్తే లోకానికి ఆ వేషాలే గుర్తుంటాయి, విద్యకు తగ్గ నడత ఉంటేనే ఆ విద్య నలుగురి నోటా నిలుస్తుంది.