గానుగెద్దు బదులు ఎవరు?

“‘ఈ దివాణంలో కాదు, లేదు, ఇవ్వను అన్నవాళ్లు ఊరు విడిచి పోవాల్సిందే. ఆ మాట నేనన్నా సరే!’ అని దొరగారు ఎప్పుడో చాటింపు వేయించారు. మరిచిపోయావా రాగమ్మా?” అని దొర పక్కనే నిలబడి కసిరాడు గుమాస్తా. “ఊఁ, చెప్పు. ఎద్దునిస్తావా?”

రాగమ్మ నూనె గానుగ తిప్పేది ఆ ఒక్క ఎద్దే. అది పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. దొరకేమో దాని కొమ్ములు నచ్చాయి, తన బండికి కట్టుకోవాలట.

“అట్టాగే దొరా, తోలుకెళ్లండి,” అంది చివరికి.

గుమాస్తా మీసం మెలేశాడు.

“ఒక్క మనవి దొరా. గానుగలో నువ్వులు పోసేసి వచ్చాను. రేపు పొద్దున ఎద్దు బదులు తమరొచ్చి కాడి మోస్తారా?”

దొర ఔనంటే మెడమీద కాడి, కాదంటే ఊరి పొలిమేర. దిక్కుతోచక గుమాస్తా వైపు చూస్తే, వాడు పైకప్పు వాసాలు లెక్కపెడుతున్నాడు.

“ఆ చాటింపు రద్దు! ఈ క్షణం నుంచే రద్దు!” అని అరిచాడు దొర. “నేను రాను, పో!”

“అయితే నేనూ ఎద్దునివ్వను దొరా,” అని దణ్ణం పెట్టి, చల్లగా ఇంటిదారి పట్టింది రాగమ్మ.

ఆ సాయంత్రం దొర అలవాటుగా ఓ పాట పాడి, “ఏరా, బావుందా?” అని వంటవాణ్ని అడిగాడు. పదేళ్లుగా రోజూ బావుందన్న ఆ వంటవాడు, ఈసారి ఏమనుంటాడంటారు?