పైడమ్మ అడిగిన ఒక్క ప్రశ్న

జీడితోటకీ బడికీ మధ్య ఒక పశువుల కొట్టం ఉండేది. అందులో ఒక ముసలి ఎద్దు, ఒక బాతు, తొమ్మిది గుడ్లు పొదుగుతున్న పైడమ్మ అనే కోడిపెట్ట కాపురం ఉండేవాళ్లు. వాళ్లకి కాపలా మారయ్య అనే కుక్క.

మారయ్యకి చదువంటే పిచ్చి. రోజూ మధ్యాహ్నం బడికి వెళ్లి, పిల్లలు పెట్టిన నాలుగు ముద్దలు తిని, కొట్టం కనబడేలా వరండాలో పడుకుని పాఠాలు వినేవాడు. శనివారం జనరల్ నాలెడ్జ్ పోటీ జరుగుతుంటే తోక కూడా కదిపేవాడు కాదు. తిరిగొచ్చి ఎద్దుకి చెప్పేవాడు, "తాతా, సూర్యుడికి అన్నిటికంటే దగ్గరున్న గ్రహం బుధుడట!"

"అలాగా నాయనా," అని ఎద్దు నెమరు వేసుకునేవాడు.

అదే బడి వెనక కిటికీ కింద ఇంకొకడు కూడా చెవులు రిక్కించి వినేవాడు. జీడితోటలో ఉండే నక్క చలమయ్య. వాడికి చదువు మీద మోజేమీ లేదు, పైడమ్మ గుడ్ల మీద ఉంది. మారయ్య ఉండగా కొట్టంలో అడుగు పెట్టే వీలు లేదు.

ఒకరోజు పొద్దున్నే చలమయ్య దర్జాగా కంచె దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"మారయ్యగారూ, కరవకండి. మీతో పనుండి వచ్చాను."

"నాతో నీకేం పని?"

"ఈ చుట్టుపక్కల చదువు విలువ తెలిసింది మీకొక్కరికే. అందుకని ఇక్కడ ఒక జీకే పోటీ పెడదామనుకుంటున్నాను. ప్రశ్నలు నేనడుగుతాను. న్యాయనిర్ణేత మీరు."

మారయ్య చెవులు రెండూ నిక్కబొడుచుకున్నాయి. "నేనా?"

"మీరు కాక ఇంకెవరు? కాకపోతే ఒక్క మాట. పోటీ నడిచినన్నాళ్లూ న్యాయనిర్ణేత ఎవరినీ కరవకూడదు. ఎవరికీ జవాబు అందించకూడదు. బడిలో పంతులుగారు ఎప్పుడైనా కరిచారా చెప్పండి?"

"నేనైతే చూడలేదు," అన్నాడు మారయ్య గంభీరంగా.

"ఇంతకీ పందెమేమిటి?" అనడిగాడు ఎద్దు.

"రోజుకొక ప్రశ్న. జవాబు చెబితే నేనొక జొన్నకంకి తెచ్చిస్తాను. చెప్పలేకపోతే ఒక గుడ్డు తీసుకుపోతాను."

"బాగుంది బాగుంది, పెట్టండి!" అంది బాతు. జొన్నలంటే ఆవిడకి ప్రాణం. పైగా గుడ్లు ఆవిడవి కావు కదా. మారయ్య సరేనని మాటిచ్చేశాడు. పైడమ్మ "నన్నడగరా?" అనేలోపే పోటీ మొదలైపోయింది.

"ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద మహాసముద్రం ఏది?"

"మన కుంట," అంది బాతు తడుముకోకుండా. "ఈది చూశాను. ఎంతకీ తరగదు."

ఎద్దు తల అడ్డంగా ఊపాడు. పైడమ్మకీ తెలియదు.

"పసిఫిక్!" అన్నాడు చలమయ్య. మారయ్యకి ఆ సంగతి తెలుసు. నాలుక చివరిదాకా వచ్చిన జవాబుని మింగేసి, "నక్క గెలిచాడు," అని తీర్పు చెప్పాడు. చలమయ్య గుడ్డు తీస్తుంటే పైడమ్మ మొహం తిప్పేసుకుంది.

రెండో రోజు, "కాకతీయుల రాజధాని ఏది?" అనడిగాడు.

"వాళ్లెవరు? ఈ వీధిలో వాళ్లు కారే!" అంది బాతు.

ఓరుగల్లు అని చెప్పి చలమయ్య రెండో గుడ్డూ పట్టుకుపోయాడు. మారయ్య తల వంచుకుని పైడమ్మ దగ్గరికొచ్చాడు.

"ఏం చెయ్యను పైడమ్మా? మాటిచ్చేశాను."

"నా గుడ్ల మీద మాటివ్వడానికి నువ్వెవరు?"

మారయ్య తోక ముడుచుకుని వెనక్కి తిరిగాడు. ఆ రోజు బడికి కూడా వెళ్లలేదు.

మూడో రోజు చలమయ్య సాహిత్యంలోకి దిగాడు. "ఆటవెలది పద్యానికి పాదాలెన్ని?"

బాతు తన కాళ్లవైపు చూసుకుని, "రెండు," అంది.

"పాదాలంటే నాలుగే కదయ్యా," అన్నాడు ఎద్దు. "కావాలంటే నన్ను చూడు."

"కరెక్ట్!" అని మారయ్య ఎగిరి గంతేశాడు.

"బాతు ముందే తప్పు చెప్పింది కదండీ!" అన్నాడు చలమయ్య.

"ఆవిడ చెప్పింది జవాబు కాదు. తన కాళ్లు లెక్కపెట్టుకుంది. పోయి కంకి పట్రా."

కంకి వచ్చింది. బాతు కడుపు నిండింది. పైడమ్మ మాత్రం మిగిలిన ఏడు గుడ్లనీ రెక్కల కిందికి మరింత దగ్గరగా లాక్కుంది.

"తాతా, ఈ చలమయ్యకి తెలియనిదంటూ ఉండదా?" అని ఎద్దుని అడిగింది.

"ఎందుకుండదమ్మా? వాడికి తెలిసినవే వాడడుగుతున్నాడు."

నాలుగో రోజు చలమయ్య నోరు తెరవకముందే పైడమ్మ అడిగింది.

"న్యాయనిర్ణేతగారూ, పోటీ అంటే ఒకళ్లే అడగడమా? మేమడగకూడదా?"

మారయ్య క్షణం కూడా ఆలోచించలేదు. "అడగొచ్చు. బడిలో రెండు జట్లూ అడుగుతాయి."

"అయితే ఒకే ఒక్క ప్రశ్న. చలమయ్య చెబితే ఏడు గుడ్లూ పట్టుకుపోవచ్చు. చెప్పలేకపోతే పోటీ ఇవాళ్టితో ఆఖరు."

ఏడు గుడ్లు అనగానే చలమయ్య నోట్లో నీళ్లూరాయి. "చరిత్రా, భూగోళమా, ఆటలా, సైన్సా? ఏదైనా అడుగమ్మా!"

"కోడి పొదిగితే గుడ్డు పిల్ల కావడానికి ఎన్నాళ్లు పడుతుంది?"

"ఇదా ప్రశ్న!" అని చలమయ్య పకపకా నవ్వాడు. "పుట్టినప్పటినుంచీ గుడ్ల మధ్యే బతుకుతున్నాను. గుడ్డు సంగతి నాకు..."

నవ్వు ఆగిపోయింది. చిన్నప్పటినుంచీ దొరికిన గుడ్లన్నీ గుర్తు తెచ్చుకున్నాడు. ఏ గుడ్డునీ దొరికిన పూటకి మించి ఉంచింది లేదు.

"పది... కాదు కాదు, పన్నెండు రోజులు!"

"ఇరవై ఒకటి," అంది పైడమ్మ.

"ఏ పుస్తకంలో ఉంది?" అని చలమయ్య గొంతు పెంచాడు. "పంతులుగారు చెప్పగా నేను వినలేదే!"

"నేను గూట్లో కూర్చుని ఇవాళ్టికి ఇరవై ఒకటో రోజు. అందరూ ఒక్కసారి నోళ్లు మూసుకోండి."

కొట్టమంతా నిశ్శబ్దమైంది. పైడమ్మ రెక్క కింద 'టక్' మని చిన్న చప్పుడు. కాసేపటికి ఇంకోటి. గుడ్డు పగిలి, చింతగింజంత ముక్కు ఒకటి బయటికొచ్చి 'కీచ్' మంది.

మారయ్య గొంతు సవరించుకున్నాడు. "చలమయ్యా, ఓడిపోయావు. పోటీ అయిపోయింది."

"సంతోషం మారయ్యగారూ. మరి నేను వెళ్లొస్తాను."

"పోటీ అయిపోయిందంటే నేనింక న్యాయనిర్ణేతని కాను. కుక్కని."

దాని అర్థమేమిటో చలమయ్యకి ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు. ఒక్క దూకున కంచె దాటాడు. తోక వెంట్రుకలు గుప్పెడు మారయ్య పళ్ల మధ్య మిగిలాయి. ఆ తర్వాత ఆ వైపు ఎవరూ చలమయ్యని చూడలేదు.

సాయంత్రానికి ఏడు పిల్లలూ బయటికొచ్చాయి. మారయ్య దూరంగా నిలబడి వాటిని లెక్కపెట్టుకున్నాడు. మళ్లీ లెక్కపెట్టుకున్నాడు.

"రెండు నావల్లే పోయాయి, పైడమ్మా."

"అవును, నీవల్లే," అంది పైడమ్మ. ఒక పిల్లని ముక్కుతో అతనివైపు తోసింది. "దీన్ని చూస్తూ ఉండు. నేను నీళ్లు తాగి వస్తాను. ఇంకోసారి పందెం కాయాలనిపిస్తే నీ తోక కాయి."

మారయ్య కదలకుండా పడుకున్నాడు. కోడిపిల్ల ఎక్కి అతని ముక్కు మీద కూర్చుంది.

చెవితో విని నేర్చుకున్నవాడికి లోకమంతా తెలియొచ్చు గానీ, ఓపిగ్గా కూర్చుని కాచుకున్నవాళ్లకి తెలిసింది వాడికి తెలియదు.